పొట్ట చిన్నదైంది, మరి ఈ నోరూరడం ఎక్కడి నుంచి వస్తోంది? బేరియాట్రిక్ సర్జరీ తర్వాత క్రేవింగ్స్ గురించి

సాయంత్రం నాలుగున్నర అవుతుంది, మధ్యాహ్నం తిన్న పప్పు, గుడ్డు ఇంకా పొట్టలో ఉన్నట్టే ఉంది, ఆకలి అస్సలు లేదు, అయినా చెయ్యి వంటింట్లో మిక్చర్ డబ్బా దగ్గరకి పోతుంది. బరువు తగ్గడానికి పొట్టకి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్లలో స్లీవో బైపాసో చేయించుకుని ఏడాది దాటినవాళ్ళలో చాలామందికి ఇది బాగా తెలిసిన సంగతే. తెలిసినా బయటికి చెప్పరు, చెప్తే ఎదుటివాళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట "అన్ని లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుని కూడా నోరు కట్టుకోలేకపోతున్నావా" అని. ఆ మాట తప్పు. వైద్యపరంగా తప్పు, పైగా ఆ ఒక్క మాటకే ఎంతోమంది డాక్టర్ దగ్గరకి ఫాలోఅప్ కి వెళ్ళడం కూడా మానేస్తారు కాబట్టి ప్రమాదం కూడా. ఎందుకు తప్పో తెలియాలంటే ఆపరేషన్ ఒంట్లో ఏది మారుస్తుంది, దేన్ని ముట్టుకోదు అనేది ముందు చూడాలి.

స్లీవ్ లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నటి గొట్టం, 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే దాదాపు ఒక చాయ్ గ్లాసు. తీసేసే భాగంలో పైన ఉబ్బెత్తుగా ఉండే చోటు ఒకటుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. ఈ గ్రెలిన్ ని 1999లో జపాన్ లో కొజిమా, కంగావా బృందం కనిపెట్టింది, అప్పటిదాకా బరువు తగ్గే ఆపరేషన్ అంటే సంచి చిన్నది చేయడమే అనుకునేవాళ్ళకి ఆ తర్వాత హార్మోన్ల సంగతి కూడా తెలిసొచ్చింది. బైపాస్ లో అయితే దాదాపు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, పేగుని పైకి తెచ్చి దానికి కలుపుతారు, తిన్న అన్నం చిన్నపేగు మొదటి భాగాన్ని దాటేసి నేరుగా కిందకి పోతుంది, అందువల్ల తిన్న వెంటనే జీఎల్‌పీ-1, పీవైవై అనే కడుపు నిండిన కబురు చెప్పే హార్మోన్లు బాగా పెరుగుతాయి. అందుకే మొదటి ఆరు నెలలు, కొందరికి ఏడాది దాకా, తిండి గుర్తే రాదు. టైం చూసుకుని గుర్తు పెట్టుకుని తినాల్సొస్తుంది. ఇదివరకు ప్రాణం పెట్టిన స్వీటు నోట్లో పెట్టుకుంటే వెగటుగా ఉంటుంది. దీన్నే హనీమూన్ పీరియడ్ అంటారు.

ఆ హనీమూన్ అయిపోతుంది, అది ఎవరికైనా అయిపోతుంది, ఈ సంగతి ఆపరేషన్ కి ముందే గట్టిగా చెప్పాల్సింది చాలాచోట్ల చెప్పరు. స్వీడన్ లో 1987లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనం ఒకటుంది, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి వదలకుండా చూశారు. బైపాస్ అయినవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు, పదేళ్ళ దగ్గర చూస్తే అది 25 శాతం. అంటే 120 కిలోలున్న మనిషి 82 దాకా దిగి మళ్ళీ మెల్లగా 90 దగ్గరికి వచ్చినట్టు. కొంత తిరిగి రావడం మామూలే అని, అలా వచ్చినా 30 కిలోలు తగ్గే ఉన్నారని ఈ లెక్క చెప్తుంది. కానీ మూడు కిలోలు పెరగగానే "నా ఆపరేషన్ ఫెయిల్ అయింది" అనుకుని కుంగిపోయి, ఆ కుంగుబాటులో ఇంకొంచెం తినేవాళ్ళు ఎంతమందో.

ఇక ఆపరేషన్ ముట్టుకోనిది ఏంటంటే, చిన్నప్పటి నుంచి తిండి చుట్టూ అల్లుకున్న అలవాటు. ఏడిస్తే చేతిలో బిస్కెట్ పెట్టారు, పరీక్ష పాసైతే బిర్యానీ తెచ్చారు, జ్వరం తగ్గితే చారన్నం, ఎవరైనా ఇంటికొస్తే మొదటి మాట "తిన్నావా". మన ఇళ్ళల్లో ప్రేమ, ఓదార్పు, మర్యాద, కోపం తీర్చుకోవడం, అలగడం, అన్నీ కంచం దగ్గరే జరుగుతాయి. ముప్పై నలభై ఏళ్ళు అలా పెరిగిన మనిషికి మనసు బాగోనప్పుడు నోరు ఏదో అడగడం సహజం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పొట్టని కత్తిరించిన డాక్టర్ మెదడులో ఆ దారిని కత్తిరించలేదు కదా.

అయితే ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. క్రేవింగ్ అని మనం ఒక్క మాట అనేస్తాం గానీ దాని కింద ఐదారు వేరే వేరే సంగతులు దాక్కుని ఉంటాయి, వాటిలో కొన్నిటికి మనసుతో సంబంధమే ఉండదు. అది ఏ రకందో తేల్చకుండా "కంట్రోల్ చేసుకో" అని చెప్పడం అంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా దుప్పటి కప్పడమే.

ఒక ఉదాహరణ, ఇది తెలుగు ఇళ్ళల్లో మరీ బాగా తెలిసింది. ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్ళకో ఆడవాళ్ళు కొందరు ఉన్నట్టుండి పచ్చి బియ్యం బుక్కడం మొదలుపెడతారు, కొందరు ఫ్రిజ్ లో ఐస్ ముక్కలు తీసి రోజుకి రెండు ట్రేలు కరకరా నమిలేస్తారు, కొందరికి బలపాలు, మట్టి వాసన మీద మనసు పోతుంది. "బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుద్ది" అని పెద్దవాళ్ళు అనేవారు కదా, అదే అలవాటు. ఇది చాలాసార్లు ఐరన్ తగ్గిపోయిందనడానికి గుర్తు. మనం తినే ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, బైపాస్ లో సరిగ్గా ఆ భాగాన్నే దాటేస్తారు, స్లీవ్ లో కూడా యాసిడ్ తగ్గిపోవడం వల్ల ఐరన్ పట్టడం తగ్గుతుంది, దానికి తోడు నెలసరి. హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి బానే ఉందని వదిలేయకూడదు, ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి, ఎందుకంటే ఒంట్లో నిల్వ ముందు ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ తర్వాత పడుతుంది. టాబ్లెట్ తోనో, అవసరమైతే నరం ద్వారానో ఐరన్ ఇస్తే చాలామందికి ఆ ఐస్ పిచ్చి దానంతట అదే పోతుంది. ఐరన్, కాల్షియం టాబ్లెట్లు రెండూ కలిపి ఒకేసారి మింగకూడదు, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ వేసుకున్న వెంటనే టీ కూడా తాగకూడదు. చిన్న విషయంలా ఉంటుంది గానీ టాబ్లెట్లు రోజూ వేసుకుంటూ కూడా ఐరన్ పెరగనివాళ్ళలో ఇదీ ఒక కారణం.

రెండోది ఇంకా మోసకారి. బైపాస్ అయినవాళ్ళు ఖాళీ కడుపుతో ఒక జిలేబీయో, గ్లాసు జ్యూసో తీసుకుంటే అది సంచిలో ఆగకుండా నేరుగా పేగులోకి జారిపోతుంది. పావుగంట, అరగంటలో కడుపు మెలిపెట్టడం, గుండె దడ, చెమటలు, విరేచనం వస్తే అది డంపింగ్, ఇది చాలామందికి తెలుసు. తెలియనిది రెండో అంకం. తీపి ఒక్కసారిగా రక్తంలోకి పోయేసరికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరుతుంది, గంట నుంచి మూడు గంటల్లోపు షుగర్ పడిపోతుంది, చేతులు వణుకుతాయి, కళ్ళు మసకలు కమ్ముతాయి, అప్పుడు మెదడు "తీపి కావాలి, ఇప్పుడే కావాలి" అని గోల పెడుతుంది. మళ్ళీ తీపి తింటారు, మళ్ళీ పడిపోతుంది. బయటి నుంచి చూసేవాళ్ళకి ఇది స్వీట్ల పిచ్చిలా కనపడుతుంది, తినే మనిషి కూడా తనకి అదుపు లేదనే అనుకుంటుంది. ఇది చాలావరకు ఆపరేషన్ అయిన ఏడాది దాటాక మొదలవుతుంది, అందుకే ఆపరేషన్ కి దీనికి లింకు ఉందని ఎవరికీ తట్టదు. ఇలా అవుతుందని అనుమానం ఉంటే ఆ టైంలో గ్లూకోమీటర్ తో షుగర్ చూసి రాసుకుని డాక్టర్ కి చూపించాలి. షుగర్ నిజంగా పడిపోయిన క్షణంలో తీపి తినాల్సిందే, అందులో తప్పేం లేదు, తర్వాత కాస్త గుడ్డో పనీరో తింటే మళ్ళీ పడిపోకుండా ఉంటుంది. అసలు మందు మాత్రం ఆ తీపి ఖాళీ కడుపుతో తినకుండా చూసుకోవడంలో ఉంది.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. స్లీవ్ అయినవాళ్ళలో ఎసిడిటీ ఎక్కువ, ఆ మంటని చాలామంది ఆకలనుకుంటారు, ఏదో ఒకటి తింటే కాసేపు తగ్గినట్టు ఉంటుంది కాబట్టి ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది, గ్యాస్ మందు సరిగ్గా వాడితే ఆ "ఆకలి" పోతుంది. దాహం కూడా అంతే, గటగటా తాగడం కుదరదు కాబట్టి రోజంతా నీళ్ళు తక్కువైపోయి సాయంత్రానికి నోరు ఏదో కావాలంటుంది. నిద్ర చాలకపోయినా, నెలసరి ముందు రోజుల్లో కూడా ఇదే. ఇంకోటి మన టిఫిన్ల సంగతి. ఆపరేషన్ తర్వాత రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ తీసుకోమని చెప్తారు, ఒక ఇడ్లీ చట్నీతో తిని కడుపు నిండిపోయిందని లేచేస్తే అందులో ప్రోటీన్ కొద్ది గ్రాములే ఉంటుంది, ఇక పదకొండింటికి బిస్కెట్ గుర్తు రాకుండా ఎలా ఉంటుంది. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల పనీర్ లో 18 గ్రాముల దాకా ఉంటుంది, పెసరట్టు కూడా ఇడ్లీ కంటే మేలే. పొద్దున తిన్నది సరిచేస్తేనే సాయంత్రం క్రేవింగ్ సగం తగ్గినవాళ్ళు ఉన్నారు, ముందు ఇది చూసుకోకుండా మనసు సంగతికి వెళ్ళడం తొందరపాటు.

ఇవన్నీ తీసేశాక మిగిలేది అసలు కష్టమైనది. మనసు కోసం తినడం.

కడుపు ఆకలికి, మనసు ఆకలికి తేడా ఉంటుంది. కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, పప్పన్నం పెట్టినా, చేప పెట్టినా సరే అంటుంది, తినగానే ఊరుకుంటుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఫలానాదే కావాలంటుంది, ఆ షాపు కారప్పూసే, ఆ ఉస్మానియా బిస్కెట్టే, తిన్నాక కూడా ఊరుకోదు. "ఆకలి రుచెరుగదు" అని ఊరికే అనలేదు పెద్దలు, రుచి మరీ ఎంచుకుంటుందంటే అక్కడ ఆకలి లేనట్టే. ఉడకబెట్టిన గుడ్డు తింటావా అని తనని తానే అడిగి చూసుకుంటే సమాధానం వెంటనే తెలిసిపోతుంది.

ఆపరేషన్ తర్వాత ఇది రూపం మార్చుకుంటుంది, పోల్చుకోవడం కష్టమయ్యేది అందుకే. ఇదివరకు మనసు బాగోకపోతే ఒక ఫుల్ బిర్యానీ ఒక్కళ్ళే తినేసేవాళ్ళు, ఇప్పుడు నాలుగు ముద్దలకే ఛాతీ దగ్గర పట్టేస్తుంది. అందుకని పళ్ళెంలో పెట్టుకుని తినడం పోయి రోజంతా కొంచెం కొంచెం నోట్లో వేసుకోవడం వస్తుంది. ఒక గుప్పెడు మిక్చర్ 30 గ్రాములు ఉంటుంది, 100 గ్రాములకి సుమారు 500 క్యాలరీలు, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా గంటకో గుప్పెడు వేసుకుంటే ఆరు గుప్పెళ్ళు, 900 క్యాలరీలు. ఏ పూటా ఎక్కువ తిన్నట్టు ఉండదు, అన్నం కూడా మూడు స్పూన్లే, బరువు మాత్రం పెరుగుతుంది, మనిషికి అర్థం కాదు. ఇంకా కొన్ని రకాల తిండి ఉంటుంది, నోట్లో వేసుకోగానే మెత్తగా అయిపోయి చిన్న సంచిలో ఆగకుండా జారిపోయేవి, ఐస్ క్రీం, చాయ్ లో ముంచిన బిస్కెట్, చిప్స్, చాక్లెట్, మెత్తగా పిసికిన పెరుగన్నం కూడా. ఈ జారిపోయే తిండికి సంచి అడ్డం రాదు. చికెన్ ముక్క రెండు తింటే ఆపేయమంటుంది, ఐస్ క్రీం పావు లీటరు తిన్నా ఏమీ అనదు. మనసు ఈ దారిని చాలా తొందరగా కనిపెట్టేస్తుంది. ఇక్కడ చూడాల్సింది ఎంత తిన్నారన్నది ఒక్కటే కాదు, "ఆపుదామనుకున్నా ఆపలేకపోయా" అన్న ఆ ఫీలింగ్ ఉందా లేదా. కొంచెమే తిన్నా ఆ ఫీలింగ్ తరచూ వస్తుంటే పట్టించుకోవాల్సిన విషయమే.

అసలు ఏ బాధని తింటున్నారో చూస్తే అందులో ఆపరేషన్ తెచ్చిపెట్టిన బాధలే చాలా ఉంటాయి, వీటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు దువ్వెన నిండా వచ్చేస్తుంటుంది, అది చాలామందికి మళ్ళీ వస్తుంది గానీ అద్దం ముందు నిలబడ్డ రోజు ఆ మాట ఊరట ఇవ్వదు. 40 కిలోలు తగ్గాక చేతుల కింద, పొట్ట దగ్గర చర్మం వేలాడుతుంది, బరువు తగ్గితే అందంగా ఉంటాననుకున్న మనిషికి అది పెద్ద దెబ్బ. భార్యాభర్తల మధ్య కూడా మార్పు వస్తుంది, స్వీడన్ లో చూసిన లెక్కల్లో ఆపరేషన్ తర్వాత ఒంటరివాళ్ళకి కొత్త సంబంధాలు కుదరడమూ పెరిగింది, ఉన్న జంటలు విడిపోవడమూ పెరిగింది. అన్నిటికంటే లోతైన బాధ ఇంకోటి, ఇన్నేళ్ళు తోడున్న తిండే దూరమైపోయిన దిగులు. వినడానికి ఎలా ఉన్నా అది నిజమైన దిగులే, మొదటి రెండు వారాలు నీళ్ళలాంటి సూప్ తాగుతూ పక్కింట్లోంచి ఇంగువ పోపు వాసన వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు.

మన దగ్గర దీనికి రహస్యం ఒకటి తోడవుతుంది. చాలామంది ఆపరేషన్ చేయించుకున్న సంగతి అత్తగారికి, ఆడపడుచులకి, ఆఫీసులో ఎవ్వరికీ చెప్పరు, "వాకింగ్ చేసి తగ్గా" అంటారు. పెళ్ళిలో బంతిలో కూర్చోగానే "ఏంటమ్మా అంత తక్కువ పెట్టుకున్నావ్, ఇంకో బొబ్బట్టు వేసుకో, నా మీద ఒట్టు" అంటే కారణం చెప్పలేరు, తినలేరు, తింటే వాంతి, తినకపోతే అలక. ఆ టెన్షన్ అంతా ఇంటికొచ్చి రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ దగ్గర తీరుతుంది. ఊరందరికీ చెప్పక్కర్లేదు గానీ ఫంక్షన్లకి వెంట వచ్చే ఒక్క మనిషికైనా, భర్తకో అక్కకో, పూర్తిగా తెలిసి ఉంటే చాలా తేడా వస్తుంది, వాళ్ళే "డాక్టర్ వద్దన్నారు పిన్నీ, అల్సర్ ఉంది" అని అడ్డం పడతారు. వంట చేసే ఆడవాళ్ళకి ఇంకో ఉచ్చు, పిల్లల కంచంలో మిగిలింది పారేయలేక నోట్లో వేసుకోవడం. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగిన చెయ్యి చెత్తబుట్ట వైపు పోదు. పిల్లలకి ముందే తక్కువ వడ్డించి అడిగితే మళ్ళీ పెట్టడం తప్ప దీనికి వేరే దారి కనపడదు.

మరి ఏం చేయాలి అంటే, మొదట రాసుకోవడం. పెద్ద డైరీ అక్కర్లేదు, వాట్సాప్ లో తన నంబర్ కి తనే మెసేజ్ పెట్టుకున్నా చాలు, టైం, ఏం కావాలనిపించింది, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, అంతే, తిన్నారా లేదా అన్నది కూడా రాయక్కర్లేదు. రెండు వారాలు రాస్తే ఒక వరస బయటపడుతుంది. మేనేజర్ తో కాల్ అయిన ప్రతిసారీ, అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాక, పిల్లలు పడుకున్నాక ఇల్లు నిశ్శబ్దమయ్యే పదింటికి, ఇలా. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకి చాలాసార్లు అది ఆదివారం రాత్రి, ఇండియాకి వీడియో కాల్ అయిపోయి ఇంట్లో ఒక్కళ్ళే మిగిలిన టైం. వరస తెలిశాక ఆ టైంకి ముందే ఏదో ఒకటి సిద్ధం చేసుకోవచ్చు.

రెండోది, కోరిక అలలా వస్తుంది అన్న సంగతి. లేస్తుంది, పెద్దదవుతుంది, దాన్ని కదపకుండా వదిలేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో చాలావరకు తగ్గుతుంది. అమెరికాలో అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు తాగుడు మానేవాళ్ళకి ఈ పద్ధతి నేర్పించాడు, కోరికతో కుస్తీ పట్టకుండా అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో, దవడలోనా, గొంతులోనా, చేతుల్లోనా అని గమనిస్తూ అది దిగిపోయేదాకా ఆగడం. మొదటి పది సార్లలో ఆరుసార్లు ఓడిపోయినా ఫర్వాలేదు, నాలుగుసార్లు దిగిపోయిందని ఒంటికి తెలిస్తే ఐదోసారి భయం తగ్గుతుంది. ఆ ఇరవై నిమిషాలు వంటింట్లో మాత్రం ఉండకూడదు, డాబా మీదకో, వీధి చివర దాకానో వెళ్ళడం మంచిది. కోపంతో వచ్చిన క్రేవింగ్ కి నడక బాగా పనిచేస్తుంది, ఒంటరితనంతో వచ్చినదానికి నడక పనిచేయదు, ఫోన్ చేయాలి, ఏడుపు వస్తే ఏడవాలి. బాధ ఏదో దానికి తగ్గ పని చేస్తేనే ఫలితం, అన్నిటికీ "బిజీగా ఉండండి" అని ఒకే సలహా ఇవ్వడం దండగ.

పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకోవడం మంచి పద్ధతి కాదు, ఇక్కడ చాలామందికి నచ్చకపోయినా చెప్పాల్సిన మాట ఇది. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశాడు. తిండి మీద పెద్దగా ధ్యాస లేనివాళ్ళు కూడా రోజంతా తిండి గురించే మాట్లాడటం, వంటల పుస్తకాలు చదవడం, కలలో కూడా తిండే, తర్వాత తిండి దొరికాక కొందరికి ఎంత తిన్నా తృప్తి లేకపోవడం. వాళ్ళకి మనసు బలం లేక కాదు, తిండి కరువైన మెదడు అలాగే ప్రవర్తిస్తుంది. సంక్రాంతికి ఇల్లంతా అరిసెల వాసన వస్తుంటే "నేను ముట్టుకోను" అని మూడు రోజులు బిగబట్టి నాలుగో రోజు రాత్రి నిలబడి ఐదు తినేయడం కంటే, పండగ రోజు మధ్యాహ్నం చికెనో, పప్పో, పెరుగో తినేశాక, ఒక అరిసెలో పావు ముక్క ప్లేట్లో పెట్టుకుని, కూర్చుని, పది నిమిషాలు రుచి చూస్తూ తినడం ఎంతో మేలు. బైపాస్ అయినవాళ్ళకి ఇలా అన్నం తర్వాత కొంచెం తినడం డంపింగ్ పరంగా కూడా తక్కువ రిస్కు. డబ్బాలోంచి నేరుగా తినకపోవడం, టీవీ ముందు తినకపోవడం, తినేటప్పుడూ ఆ తర్వాత అరగంటా నీళ్ళు తాగకపోవడం, ఇవి మామూలుగా చెప్పేవే, పనిచేసేవే.

బరువు కొంచెం పెరగగానే చాలామంది ఇంటర్నెట్ లో చూసి ఐదు రోజులు లిక్విడ్స్ మీద ఉండి "సంచిని మళ్ళీ చిన్నది" చేసుకుందామని మొదలుపెడతారు. ఐదు రోజుల్లో సంచి సైజు మారదు. తగ్గేది ఎక్కువగా నీళ్ళ బరువు, ఆరో రోజు వచ్చే క్రేవింగ్ మాత్రం కీస్ చూపించినట్టే వస్తుంది. నిజంగా బరువు ఎక్కువగా తిరిగి వస్తుంటే సర్జన్ దగ్గరకి వెళ్ళాలి, సంచి ఎలా ఉందో చూస్తారు, అవసరమైతే ఇప్పుడు మందులు కూడా ఉన్నాయి, టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025లో మౌంజారో, వెగోవీ పేర్లతో ఇండియాకి కూడా వచ్చాయి. ఇవి తలలో ఆగకుండా తిరిగే తిండి ఆలోచనల్ని బాగా తగ్గిస్తాయని వాడినవాళ్ళు చెప్తున్నారు. ఆపరేషన్ చేయించుకుని కూడా మళ్ళీ మందు వాడటం అవమానమేం కాదు, బీపీ ఉన్నవాళ్ళు మందు వాడినట్టే, కాకపోతే డాక్టర్ చూసి రాయాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. తిండితో బాధ మరిచిపోయే దారి మూసుకుపోయాక కొందరు మద్యం వైపు పోతారు. అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2012లో అచ్చయింది, మద్యం వ్యసనంగా మారినవాళ్ళు ఆపరేషన్ కి ముందు ఏడాది 7.6 శాతం ఉంటే, తర్వాత రెండో ఏడాదికి 9.6 శాతం అయ్యారు, బైపాస్ అయినవాళ్ళలో రిస్కు ఎక్కువ. కారణం మనసు ఒక్కటే కాదు, బైపాస్ తర్వాత మద్యం చాలా వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది, ఇదివరకటి కంటే తక్కువ పెగ్గులకే మత్తు ఎక్కుతుంది. మొదటి ఏడాది ఏమీ అనిపించదు, అందుకే జాగ్రత్త పడరు. వారానికి ఒకసారి "కొంచెమే" అనుకున్నది పెరుగుతుంటే అది తిండి సమస్యే ఇంకో రూపంలో వచ్చిందేమో చూసుకోవాలి.

వారంలో ఒకటి రెండుసార్లు ఆపుకోలేకుండా తినడం, రాత్రి నిద్రలోంచి లేచి తినడం, ఎవరూ చూడకుండా తిని కవర్లు దాచేయడం, నమిలి ఉమ్మేయడం, కావాలని వాంతి చేసుకోవడం, ఇవి ఉంటే డైటీషియన్ ఒక్కరే సరిపోరు, సైకాలజిస్టో సైకియాట్రిస్టో కావాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే, అవి ఎలా వస్తున్నా సరే, వెంటనే డాక్టర్ దగ్గరకి పోవాలి, బీ1 విటమిన్ పడిపోతే నరాలకి, మెదడుకి దెబ్బ. సిగ్గుపడి ఆగాల్సిన విషయం కాదిది, డాక్టర్లు ఇవన్నీ రోజూ చూస్తుంటారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416 కి ఏ టైంలోనైనా ఫ్రీగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక రోజు జారుతుంది, సగం ఐస్ క్రీం డబ్బా ఖాళీ అయిపోతుంది, తెల్లారి లేవగానే ముందు వచ్చే ఆలోచన "ఇవాళ ఏమీ తినకుండా ఉంటా" అని. అక్కడే మళ్ళీ చక్రం మొదలవుతుంది, ఆకలితో మాడిన కడుపు సాయంత్రం నాలుగున్నరకి అదే డబ్బా దగ్గరకి నడిపిస్తుంది. అలా ఉండకూడదు. లేవగానే నీళ్ళు కొంచెం కొంచెంగా, విటమిన్లు వేసుకునే టైంకి విటమిన్లు, టిఫిన్ టైంకి రెండు గుడ్లో ఒక పెసరట్టో, మధ్యాహ్నం మామూలుగా పప్పు, కూర. వాట్సాప్ లో నిన్నటి తేదీ ఎదురుగా ఒక్క లైను: ఎన్నింటికి, ఎవరితో మాట్లాడాక.